ప్రార్థనలో మనసు నిలవట్లేదని కొన్న బ్రెయిన్ హెడ్‌బ్యాండ్: నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

అందరికీ వందనాలు. ఈ బ్యాండ్ ఎలా ఉందని మా సంఘంలో ముగ్గురు నలుగురు అడిగారు, మా అక్కయితే ఫోన్ చేసినప్పుడల్లా "మావాడికి కొనమంటావా వద్దా, ఒక్క మాట చెప్పవే" అంటోంది. ఒక్క మాటలో తేలే సంగతి కాదు కాబట్టి మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి ఇప్పుడు చాలా రకాలు అమ్ముతున్నారు, లోపల పనిచేసే పద్ధతి దాదాపు ఒకటే, నేను చెప్పేది కూడా ఏదో ఒక్క కంపెనీ గురించి కాదు.

ముందు ఎందుకు కొన్నానో చెప్తా. నాకు 43 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుట్టి పెరిగింది గుంటూరులో, తాతల నాటి నుంచి లూథరన్ సంఘం. పొద్దున ఐదింటికి లేచి ప్రార్థన చేసుకోవడం చిన్నప్పట్నుంచీ అలవాటు, మా ఇంట్లో అది అవ్వకుండా కాఫీ కూడా ఇచ్చేవాళ్లు కాదు. కానీ రెండేళ్లుగా ఏమవుతోందంటే మోకాళ్ల మీద ఉంటాను, నోరు ప్రార్థన చేస్తూనే ఉంటుంది, మనసు మాత్రం నిన్న రాత్రి వచ్చిన మెయిల్ దగ్గరో, కట్టాల్సిన ఈఎంఐ దగ్గరో, ఎవరో అన్న మాట దగ్గరో తిరుగుతుంటుంది. ఆమేన్ అనేసి లేచాక ఏం అడిగానో నాకే గుర్తుండదు. ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడుతుంటే ఫోన్ చూసుకుంటూ ఊకొడితే వాళ్లకెంత బాధగా ఉంటుందో అలా నేను దేవుడితో చేస్తున్నాననిపించి చాలా ఏడ్చాను కూడా. మెలకువగా ఉండి ప్రార్థించమని యేసు అడిగిన రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులు కనీసం నిద్రపోయారు, నేను మెలకువగా ఉండి కూడా అక్కడ లేకుండా పోతున్నాను.

అలాంటప్పుడు ఆఫీసులో ఒకమ్మాయి దీని గురించి చెప్పింది. అమెరికా నుంచి వస్తున్న మా కజిన్ చేత తెప్పించుకున్నా, అన్నీ కలిపి 27 వేలు అయ్యింది. మా ఇంట్లో ఆ డబ్బు చిన్నదేం కాదు, అది కూడా చెప్పాలి.

వస్తువు ఏంటంటే, నుదుటికి పెట్టుకునే సన్నటి పట్టీ. ముందు వైపు రెండు, చెవుల వెనక రెండు సెన్సర్లు ఉంటాయి. ఇది మెదడులోకి కరెంటు పంపే రకం కాదు, అవి వేరే ఉన్నాయి, వాటి జోలికి డాక్టరు లేకుండా వెళ్లొద్దని గట్టిగా చెప్తాను. ఇది వినేది మాత్రమే. మనిషి మెదడు కరెంటుని తల మీద నుంచి మొదటిసారి రికార్డ్ చేసింది జర్మనీలో యేనా అనే ఊళ్లో హన్స్ బెర్గర్ అనే డాక్టరు, 1924లో, దాన్ని ఆయన 1929 దాకా పబ్లిష్ చెయ్యలేదు. కళ్లు మూసుకుని నెమ్మదిగా ఉంటే సెకనుకి సుమారు 8 నుంచి 12 సార్లు ఊగే అల ఒకటి కనపడుతుంది, దానికి ఆల్ఫా అని పేరు పెట్టింది ఆయనే. ఆస్పత్రిలో ఫిట్స్ వచ్చినవాళ్లకి తల నిండా వైర్లు పెట్టి తీసే ఈఈజీ అదే, దాన్నే నాలుగు సెన్సర్లకి కుదించి ఫోన్‌కి కలిపారు. మనసు చెదిరిందని యాప్‌కి అనిపిస్తే ఇయర్‌ఫోన్‌లో సముద్రపు హోరు లాంటి శబ్దం పెరుగుతుంది, కుదురుకుంటే తగ్గుతుంది, చివర్లో వందకి ఒక స్కోరు ఇస్తుంది.

ఒక మాట, ఇది ఆలోచనలు చదవదు. మా సంఘంలో ఒకామె "మన మనసులో ఏముందో అది కనిపెట్టేస్తుందంటగా" అని భయపడింది. లేదు, నాలుగు సెన్సర్లతో అలలు ఎంత వేగంగా ఊగుతున్నాయో ఒక అంచనా దొరుకుతుంది, అంతే. నేను యేసయ్య గురించి ఆలోచిస్తున్నానా, చేపల పులుసు గురించి ఆలోచిస్తున్నానా దానికి తెలీదు.

మొదటి మూడు వారాలు నిజంగా బాగుంది. కీర్తనల్లో ఒక్క వచనం తీసుకుని, ఊపిరితో పాటు నెమ్మదిగా మనసులో అనుకుంటూ పది నిమిషాలు కూర్చునేదాన్ని. హోరు పెరగ్గానే "ఓ, వెళ్లిపోయా" అని తెలిసేది, మళ్లీ వచనం దగ్గరికి వచ్చేదాన్ని. అంతకుముందు మనసు వెళ్లిపోయిందని తెలియడానికే పావుగంట పట్టేది, ఇప్పుడు అరనిమిషంలో తెలుస్తోంది. ఈ మేలు ఒప్పుకోకపోతే అబద్ధం ఆడినట్టే.

ఇందులో కొత్తేం లేదని తర్వాత మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు, చెప్పారు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారుల్లో ఉన్న సన్యాసులకీ ఇదే బాధంట, అక్కడికెళ్లి వాళ్లని చూసొచ్చిన జాన్ కాసియన్ అనే ఆయన దీని గురించి పేజీలకి పేజీలు రాశాడు. ఆయన చెప్పిన ఉపాయం ఏంటంటే 70వ కీర్తన మొదటి వచనం, దేవా నన్ను విడిపించడానికి త్వరగా రా అనేది, లేస్తూ కూర్చుంటూ పనిచేస్తూ అదే అనుకుంటూ ఉండటం. మా లూథరన్ సంఘాలకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ అయితే 1535లో తన మంగలి పీటర్ అడిగితే ప్రార్థన ఎలా చేయాలో చిన్న పుస్తకమే రాసిచ్చాడు. అందులో మొదట్లోనే తనకీ ప్రార్థన మీద మనసు చల్లబడుతుందని ఒప్పుకుంటాడు, తర్వాత మంచి మంగలి కన్ను కత్తి మీద, గడ్డం మీద పెట్టాలి, కబుర్లలో పడి ఎటో చూస్తే ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనా అంతే అంటాడు. లూథర్‌కే అలా ఉండేదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. కాబట్టి మనసుని నిలపడానికి ఏదో ఒక సాధనం పట్టుకోవడం తప్పు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచనం ఒక సాధనమే, మోకాళ్లూనడం సాధనమే, కళ్లు మూసుకోవడం కూడా సాధనమే.

మరి తేడా ఎక్కడొచ్చింది? మా అమ్మమ్మ దగ్గరొచ్చింది.

అమ్మమ్మకి 84. సత్తెనపల్లి దగ్గర ఊళ్లో ఉండేది, మోకాలి ఆపరేషన్ అయ్యాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. చదువు రాదు, సంతకం కూడా వేలిముద్రే, కానీ కీర్తనల పుస్తకంలో సగం పాటలు అన్ని చరణాలూ నోటికొచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడుతుంది, పైకే, గట్టిగా. కొంగు తల మీద కప్పుకుని, చేతులు చాపి, మనవలూ మునిమనవలూ అందరి పేర్లూ ఒక్కొక్కటీ చెప్పి, ఊళ్లో మంచాన పడ్డవాళ్ల పేర్లు చెప్పి, వాన కోసం అడిగి, తిట్టుకున్నవాళ్ల కోసం కూడా అడిగి, ఏడ్చి, మళ్లీ పాట పాడి, అలా గంట. ఒకరోజు నాకు బుద్ధి పుట్టి, అమ్మమ్మా ఇది పెట్టుకుని చెయ్యవా అన్నా. "ఏంటే ఇది" అంది కానీ నా మాట కాదనదు కదా, పెట్టించుకుంది.

ముందు అసలు కనెక్టే కాలేదు. కొబ్బరినూనె. నుదుటి మీద, చెవుల వెనక నూనె ఉంటే సెన్సర్ పట్టదు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టా. కొంగు కప్పుకుంటే పట్టీ జారిపోతోంది, ఇయర్‌ఫోన్ వైరు కొంగులో ఇరుక్కుంటోంది. తల మీద కొంగేసుకుని ప్రార్థన చేసే ఆడవాళ్లు కోట్లమంది ఉన్నారని దీన్ని చేసినవాళ్లకి తట్టలేదు. సరే ఎలాగోలా సర్ది మొదలుపెట్టాక, నోరు తెరిచిందో లేదో సిగ్నల్ పోయింది. మెదడు నుంచి తల మీదకొచ్చే సిగ్నల్ వోల్టులో లక్షో వంతు లెక్కలో ఉంటుంది, దవడ కండరం కదిలితే వచ్చే కరెంటు దానికి ఎన్నో రెట్లు. కనురెప్ప కొట్టినా తేడా వస్తుంది. ఇక మాట్లాడుతూ, పాడుతూ, ఏడుస్తూ, తల ఊపుతూ చేసే ప్రార్థనలో ఈ యంత్రానికి వినపడేది కండరాల గోల తప్ప ఇంకేం కాదు. అది ఆ గోలనే మనసు చెదిరినట్టు లెక్కేసి హోరు పెంచుకుంటూ పోయింది. చివర్లో స్కోరు 11.

"ఏమందే?" అని అడిగింది అమ్మమ్మ. నేను చెప్పలేకపోయా. "సరే తీసెయ్, జుట్టు పీకుతోంది" అని లేచి వెళ్లిపోయింది. నేను ఆ ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. మా వంశంలో ప్రార్థన అంటే ఏంటో నాకు నేర్పిన మనిషికి వందకి 11, చేపల పులుసు గురించి ఆలోచిస్తూ కదలకుండా కూర్చుంటే నాకు 78.

అప్పుడు అర్థమైంది, దీన్ని తయారు చేసినవాళ్ల మనసులో ప్రార్థన అంటే, ధ్యానం అంటే, ఒక బొమ్మ ఉంది: మౌనంగా, ఒంటరిగా, ఏసీ గదిలో, కదలకుండా. మన సంఘాల్లో ప్రార్థన అది కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో యాభై మంది ఒకేసారి గొంతెత్తితే అది చెదిరిన మనసా? బైబిల్లో బిడ్డ కోసం ఏడుస్తూ ప్రార్థించిన హన్నా పెదవులు కదలడం చూసి ఏలీ యాజకుడే తాగి వచ్చిందనుకున్నాడు, ఇక యంత్రాన్నేం అంటాం. ఉచ్చరింపలేని మూలుగులతో ఆత్మే మన తరఫున అడుగుతాడని పౌలు రోమా పత్రికలో రాశాడు కదా, ఆ మూలుగుని ఏ సెన్సర్ పట్టుకుంటుంది?

రెండో సంగతి నా గురించి. రెండో నెల నుంచి నేను స్కోరు కోసం ప్రార్థన చేయడం మొదలైంది. కష్టాల్లో ఉన్నవాళ్ల గురించి ప్రార్థిస్తే మనసు కదిలి స్కోరు పడిపోతోంది, అందుకని తెలీకుండానే వాళ్లని వదిలేసి హాయిగా ఉండే వచనాలకి వెళ్లిపోయా. మా తమ్ముడి ఉద్యోగం పోయిన వారంలో వాడి గురించి మోకాళ్ల మీద అడగడం మానేసి, 80 దాటాలని ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. యేసు చెప్పిన కథలో, దేవాలయంలో పరిసయ్యుడు, అంటే భక్తిపరుడని పేరున్నవాడు, తన లెక్క తాను చదువుకున్నాడు, సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, తల ఎత్తలేక రొమ్ము కొట్టుకున్నాడు. రొమ్ము కొట్టుకునేవాడికి ఈ యాప్‌లో స్కోరు రాదు. లూథరన్‌గా పెరిగిన నాకు రక్షణ మన క్రియల వల్ల కాదు, దేవుని కృప వల్లే అని చిన్నప్పుడు కన్ఫర్మేషన్ క్లాసులో బట్టీ పట్టించారు, ఆ ముక్క నాకు 27 వేలు ఖర్చయ్యాక తగిలింది.

ఇదంతా మా అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లా. సంఘ పెద్దల్లో ఒకాయన అప్పటికే "యంత్రాలు తగిలించుకుని ప్రార్థనలేంటి, ఇది అంత్యదినాల గుర్తు, ప్రకటన గ్రంథంలో చెప్పిన నుదుటి మీద ముద్ర" అని అంటున్నారు. అయ్యగారు దానికి తొందరపడి అవునన్లేదు, కాదన్లేదు. ఒక్కటే గుర్తు చేశారు. మూడేళ్ల క్రితం మా సంఘంలో పుట్టుకతో వినపడని ఒక పిల్లాడికి ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. చెవి లోపల సన్నటి ఎలక్ట్రోడ్లు, అవి నేరుగా వినికిడి నరానికి కరెంటు ఇస్తాయి, మెదడు మెల్లమెల్లగా దాన్ని శబ్దంగా అర్థం చేసుకోవడం నేర్చుకుంటుంది. ఆ పిల్లాడు మొదటిసారి వాళ్లమ్మ గొంతు విని తిరిగి చూసిన రోజు అందరం ఏడ్చాం, ఆదివారం కృతజ్ఞతార్పణ ఇచ్చారు, ఇదే పెద్దాయన స్తుతి ప్రార్థన చేశారు. అప్పుడు యంత్రం తలలోకి వెళ్లిందని ఎవరం అనలేదు కదా అని అడిగారు అయ్యగారు.

అమెరికాలో నోలాండ్ ఆర్బా అనే అబ్బాయి గురించి కూడా మాట్లాడుకున్నాం. 2016లో ఈతకెళ్లి దెబ్బ తగిలి భుజాల కింద నుంచి శరీరం పడిపోయింది, 2024 జనవరిలో, మెదడు చిప్‌లు చేసే న్యూరాలింక్ కంపెనీ వాళ్ల చిప్ మెదడులో పెట్టించుకున్న మొదటి మనిషి అతనే. 64 దారాలు, వాటి మీద 1024 ఎలక్ట్రోడ్లు. చెయ్యి కదపకుండా ఆలోచనతోనే కంప్యూటర్‌లో చదరంగం ఆడాడు. తర్వాత కొన్ని వారాలకి చాలా దారాలు మెదడు నుంచి వెనక్కి జరిగిపోయాయి, సాఫ్ట్‌వేర్ మార్చి మళ్లీ పని చేయించారు. అలాంటి వాడికి అది వద్దని చెప్పే నోరు నాకు లేదు. పక్షవాతం వచ్చినవాణ్ణి ఇంటికప్పు విప్పి మరీ యేసు ముందుకి దించిన నలుగురు స్నేహితుల కథ చదివి పెరిగిన వాళ్లం. కానీ ఆ కంపెనీ యజమాని ఎలాన్ మస్క్ చెప్పే చివరి గమ్యం అది కాదు, మనుషులు ఏఐతో కలిసిపోవడం అంటున్నాడు. నా అనుమానం అక్కడ మొదలవుతుంది.

జబ్బు నయం చేయడం వేరు, బాగున్నవాణ్ణి ఇంకా పెంచడం వేరు అని చాలామంది క్రైస్తవ పండితులు గీత గీస్తారు. నేనూ మొదట్లో అదే పట్టుకున్నా, బాగుంది, తేలిగ్గా ఉంది. కానీ మరి నా సంగతేంటి? నా మనసు నిలవకపోవడం జబ్బా, అలసటా, పాపమా, వయసా? ఏ డాక్టరూ నాకు జబ్బు రాయలేదు. గీత మధ్యలో చాలా బురద ఉంది, దాంట్లోనే మనలో చాలామంది ఉన్నాం.

అయ్యగారు సెమినరీలో చదువుకున్నప్పటి మాట ఒకటి చెప్పారు. ఫిలిప్ హెఫ్నర్ అని షికాగోలో లూథరన్ పండితుడు, మనిషిని సృష్టింపబడిన సహ-సృష్టికర్త అన్నాడు. రెండు ముక్కలూ కలిపి పట్టుకోవాలంట. సహ-సృష్టికర్త కాబట్టి చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు, బైబిల్లో బెసలేలు అనే పనివాడికి ప్రత్యక్ష గుడారం, అంటే ఆరాధన గుడారం, పని కోసం దేవుడు ఆత్మనిచ్చి నేర్పు ఇచ్చాడు కదా. సృష్టింపబడినవాడు కాబట్టి తన హద్దు తనకి తెలియాలి. నాకు ఈ మాట నచ్చింది కానీ పూర్తిగా సరిపోలేదు. హద్దు ఎక్కడో చెప్పకుండా హద్దుందని చెప్తే మా అక్క కొడుకు విషయంలో నేనేం చెప్పను?

ఇప్పుడు వాడి దగ్గరికొస్తా, అసలు ఈ రివ్యూ వాడి కోసమే. వాడు ఇంటర్ ఎంపీసీ, హాస్టల్‌లో ఉంటాడు, పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. సంక్రాంతి సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు ఈ బ్యాండ్ చూసి వారం రోజులు వాడాడు. మొదటి రెండు రోజులు ఉత్సాహం, నాలుగో రోజు పొద్దున్నే నా దగ్గరికొచ్చి "పిన్నీ, నిన్న 81, ఇవాళ 64, నా బ్రెయిన్ పాడైపోతోందా?" అన్నాడు. పదిహేడేళ్ల పిల్లాడు. వీక్లీ టెస్టుకి ర్యాంకు, మంత్లీ టెస్టుకి ర్యాంకు, సెక్షన్లకి ర్యాంకు, ఇప్పుడు కళ్లు మూసుకుని ఊపిరి తీసుకోవడానికి కూడా మార్కు. రాత్రి సరిగ్గా నిద్రపోకపోయినా, పట్టీ కొంచెం వదులైనా స్కోరు మారుతుందని వివరంగా చెప్పా, తల ఊపాడు కానీ నమ్మలేదు. అంకె చూపించాక మాట ఎవరు నమ్ముతారు.

అక్కా, నువ్వు ఇది చదువుతావని తెలుసు కాబట్టి నేరుగా రాస్తున్నా. నువ్వన్నావు, పక్కవాళ్లు కొంటే మనవాడు వెనకబడిపోతాడు కదా అని. ఆ ఒక్క మాటలోనే అసలు సమస్యంతా ఉంది. అందరూ కొంటే ఎవరూ ముందుకెళ్లరు, అందరి 27 వేలూ పోతాయి, కొనలేనివాడు మాత్రం ఇంకో మెట్టు కిందకి వెళ్తాడు. మన సంఘంలోనే ఆటో నడిపే తండ్రి కొడుకు అదే పరీక్ష రాస్తున్నాడు. ఇవాళ పట్టీ, రేపు మాత్ర, ఆ తర్వాత చిప్, ప్రతిదానికీ ఇదే మాట వస్తుంది. గిబియోనులో దేవుడు ఏం కావాలో అడగమంటే సొలొమోను రాజు వివేకం అడిగాడు, దేవుడికి అది ఇష్టమైంది, నిజమే, నువ్వు ఆ వచనం నాకు వాట్సాప్ కూడా చేశావు. కానీ అడిగింది జనానికి న్యాయం తీర్చడానికి. పక్క రాజుల్ని దాటిపోవడానికి కాదు. పైగా అంత వివేకం వచ్చినవాడి హృదయం కూడా ముసలితనంలో దారి తప్పింది, అదే గ్రంథంలో ఉంది. బుద్ధి పెరిగితే మనిషి మంచివాడవుతాడని బైబిల్లో ఎక్కడా లేదు. పౌలు చెప్పిన మనసు మారి నూతనమవడం వేరే సంగతి, దానికీ జ్ఞాపకశక్తి పెరగడానికీ సంబంధం లేదు.

మా అయ్యగారితో దీని మీదే నాకు కొంచెం వాదన అయ్యింది. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడని బైబిల్ అంటుంది కదా, పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ ఆ స్వరూపాన్ని మనిషి మనసులో వెతికాడు, జ్ఞాపకం, అవగాహన, చిత్తం ఈ మూడింట్లో. గొప్ప ఆలోచనే, కానీ దాన్ని తేలిగ్గా పట్టుకుని దేవుని స్వరూపం అంటే తెలివి అనేస్తే ఏమవుతుంది? తెలివి పెంచే యంత్రం స్వరూపాన్ని పెంచే యంత్రం అయిపోతుంది, మతిమరుపు వచ్చిన ముసలాళ్లు, బుద్ధిమాంద్యంతో పుట్టిన పిల్లలు స్వరూపం తగ్గినవాళ్లు అయిపోతారు. ఇది నేను ఒప్పుకోలేను. హెన్రీ నౌవెన్ అని డచ్ ప్రీస్ట్ ఉండేవారు, యేల్‌లో, హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన మనిషి, అవన్నీ వదిలేసి 1986లో కెనడాలో టొరొంటో దగ్గర మానసిక వైకల్యం ఉన్నవాళ్లతో కలిసి బతికే ఇంటికి వెళ్లిపోయారు. అక్కడ ఆడమ్ అనే యువకుడికి స్నానం చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం ఆయన పని. ఆడమ్ మాట్లాడలేడు, ఫిట్స్ వచ్చేవి. అంత చదువుకున్నాయన, నాకు గురువు ఆడమ్ అని చెప్పుకున్నారు. నేను ఇది చదివి రెండు రోజులు వేరే ఏం చదవలేకపోయా.

మేం లూథరన్లం అయినా ఈ విషయంలో కేథలిక్కులు శ్రద్ధగా రాసుకున్నారని ఒప్పుకోవాలి. 2008లో వాటికన్ ఇచ్చిన పత్రంలో మనుషుల్ని మెరుగుపరచడానికి జన్యువులు మార్చడం గురించి అన్నది ఏంటంటే, దానివల్ల కొన్ని గుణాలు లేనివాళ్లని సమాజం తక్కువగా చూడటం మొదలవుతుందని. అది జన్యువుల గురించే కానీ నాకు చిప్‌కి కూడా అక్షరాలా సరిపోతుందనిపించింది. 2025 జనవరిలో ఏఐ మీద ఇచ్చిన ఇంకో పత్రంలో తెలివి అంటే పనులు చేసి చూపించే సత్తా ఒక్కటే కాదని, శరీరంతో, సంబంధాలతో, ప్రేమతో ముడిపడినదని చెప్పారు. ఆ లెక్కన అందరి పేర్లూ గుర్తు పెట్టుకుని ఏడ్చే మా అమ్మమ్మ చాలా తెలివైన మనిషి.

కాబట్టి నా దగ్గర ఇప్పుడున్న కొలత ఏంటంటే, జబ్బా కాదా అని కాదు. ఈ వస్తువు వాడాక పక్కమనిషికి నేను దగ్గరయ్యానా, దూరమయ్యానా. ఆ పిల్లాడి ఇంప్లాంట్ వాళ్లమ్మ గొంతు వినిపించింది. ఆర్బాకి చిప్ మళ్లీ మనుషులతో ఆడుకునే దారి ఇచ్చింది. నా పట్టీ, నేను వాడిన పద్ధతిలో, మా తమ్ముడి పేరుని నా ప్రార్థనలోంచి తీసేసింది. ఇదే కొలత ఇంకొకరికి వేరే జవాబు ఇవ్వొచ్చు. యాక్సిడెంట్ తర్వాత ఏకాగ్రత పోయి, డాక్టర్ సలహాతో ఇలాంటిది వాడి మళ్లీ ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడగలిగితే, దేవునికి స్తోత్రం.

డేటా సంగతి కూడా చెప్పాలి. అకౌంట్ తెరవకుండా యాప్ పనిచేయదు, రికార్డింగులు వాళ్ల సర్వర్‌కి వెళ్తాయి. చిలీ దేశం 2021లో రాజ్యాంగం మార్చి మరీ మెదడు సమాచారానికి రక్షణ పెట్టింది, 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఒక మాజీ సెనేటర్ మెదడు డేటా చెరిపేయమని ఇలాంటి హెడ్‌సెట్ కంపెనీనే ఆదేశించింది. అమెరికాలో కొలరాడో 2024లో చట్టం తెచ్చింది. మన 2023 డేటా చట్టంలో మెదడు డేటాకి విడిగా ఏం లేదు. నా తలంపులు దూరం నుంచే ఎరిగినవాడు దేవుడొక్కడే అని 139వ కీర్తన చదివి కళ్లు మూసుకునే దాన్ని, ఆ పది నిమిషాలు ఎక్కడో సర్వర్‌లో దాచి ఉన్నాయంటే నాకు ఇబ్బందిగానే ఉంది. డిలీట్ రిక్వెస్ట్ పెట్టా, పది రోజులకి అయ్యిందని మెయిల్ వచ్చింది.

ఇక కొనాలా వద్దా. కదలకుండా కూర్చుని ఊపిరి మీద ధ్యాస పెట్టడం నేర్చుకోవడానికి బాగుంటుంది, ఐదుకి మూడున్నర ఇస్తాను. బ్యాటరీ నాలుగైదు గంటలు వస్తుంది, చాలు. ఎండాకాలం చెమటకి సెన్సర్లు జారతాయి, ఫ్యాన్ కింద కూర్చోవాలి. నూనె రాసుకునేవాళ్లు ముందు తుడుచుకోవాలి. పిల్లలకి, ముఖ్యంగా ఇంటర్ పిల్లలకి, నేనైతే కొనను, అక్కా, వాడికి ఆ డబ్బుతో నెలకోసారి ఇంటికి రావడానికి టికెట్లు కొను, ఆదివారం మధ్యాహ్నం పడుకోనివ్వు. ప్రార్థనకి అని కొనేవాళ్లు ఆగండి, ముందు కాసియన్ చెప్పిన ఆ ఒక్క వచనంతో ఓ నెల ప్రయత్నించండి, ఖర్చు లేదు.

ఇప్పటికే కొనేసినవాళ్లకి ఒకటి. సెట్టింగ్స్‌లో బాగా లోపల, సెషన్ అయిపోయాక రిజల్ట్ చూపించాలా అనే ఆప్షన్ ఉంది, నాకు మూడో నెలలో కనపడింది. అది ఆఫ్ చేయండి. హోరు మాత్రం వస్తుంది, అంకె రాదు. నేను ఇప్పుడు వారానికి రెండుసార్లు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అలా వాడుతున్నా. పొద్దున ఐదింటికి మాత్రం పెట్టుకోవట్లేదు, అమ్మమ్మ గదిలోకెళ్లి పక్కన మోకాళ్లూనుతున్నా, ఆమె పేర్లు చెప్తుంటే నేనూ వెనకాలే చెప్తున్నా, మధ్యలో మనసు ఎటో వెళ్తే ఆమె గొంతే వెనక్కి లాక్కొస్తోంది.